సుగ్గి బండి కదలకముందే మా మాట వినండి

జిల్లా అధికారులకు, ప్రజాప్రతినిధులకు, బడ్జెట్ లెక్కలు రాసే ఆర్థిక శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊరి తల్లిదండ్రులు, పత్తి రైతులు, ఉపాధి పనికి వెళ్ళే కూలీలు కలిసి ఒక అర్జీ రాసుకున్నాం. అడిగినవి మూడే. సుగ్గికి, అంటే కూలి కోసం వలస, పోయేవాళ్ళ పిల్లలు ఆ నెలల్లో ఇక్కడే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ దసరా సెలవులు అయిపోగానే తెరవండి. ఊరి కుంటలో పూడిక తీసే పని, వంక మీద చెక్‌డ్యాం మరమ్మతు ఆ లోపే మొదలుపెట్టండి. చేసిన పనికి కూలి సమయానికి వేయండి.

ఈ అర్జీ పట్టుకుని సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసుకు తిరిగాం. రసీదులు నాలుగున్నాయి. జవాబు ఒక్కటీ లేదు. చివరిసారి వెళ్ళినప్పుడు బల్ల అవతల కూర్చున్న ఆయన ఒక మాట అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. “ప్రపంచమంతా మాంద్యం అంటున్నారు మాస్టారూ. పైనుంచి నిధులే కట్ అవుతున్నాయి. మీ కుంట సంగతి ఇప్పుడెవరు చూస్తారు?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆయన చెప్పిన కారణం అబద్ధం కాదు. ప్రపంచ మార్కెట్‌కు జలుబు చేస్తే ఆదోని పత్తి యార్డుకు జ్వరం వస్తుందని మాకూ తెలుసు. ఒకప్పుడు రెండో బొంబాయి అని పిలిపించుకున్న ఊరు మాది. అయితే ఆ కారణం నుంచి ఆయన తీసిన ముగింపు తప్పు. మాంద్యం వచ్చింది కాబట్టి కుంట పని ఆపాలి అన్నారు. మాంద్యం వచ్చినప్పుడే కుంట పని, హాస్టల్ పని ముందుగా, ఎక్కువగా చేయాలని మేం అంటున్నాం. ఎందుకో కాస్త ఓపికగా చదవండి.

సుగ్గి గురించి తెలియని పాఠకులకు రెండు మాటలు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో సొంత చేలో పని అయిపోయాక, లేదా పంట పోయాక, కుటుంబాలకు కుటుంబాలు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీయడానికి పోతాయి. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరు కట్టడం పనులకు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, బండి వస్తుంది. బియ్యం మూట, వంట గిన్నెలు, పాలు తాగే బిడ్డ, బడికి పోవలసిన బిడ్డ అన్నీ అందులోకే ఎక్కుతాయి. ఊళ్ళో ముసలివాళ్ళు మిగులుతారు. మళ్ళీ ఉగాది దగ్గర పడితే గానీ చాలామంది తిరిగిరారు.

ఇక మేం చెప్పదలచుకున్నవి.

1. మాంద్యం వస్తే ప్రకృతికి విశ్రాంతి దొరుకుతుందనే మాట చదువుకున్నవాళ్ళ నోట తరచూ వింటున్నాం. ఫ్యాక్టరీలు ఆగితే పొగ తగ్గుతుంది, నిజమే. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి మాంద్యం ముదిరాక, 2009లో ప్రపంచం మొత్తం మీద కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 1.4 శాతం తగ్గాయి. మరుసటి ఏడాది, 2010లో, 5.9 శాతం పెరిగాయి. తగ్గింది ఒకటైతే పెరిగింది నాలుగు. 2020 లాక్‌డౌన్‌లో ఇంకా పెద్ద తగ్గుదల కనిపించింది. ఏప్రిల్ మొదటి వారాల్లో రోజువారీ ఉద్గారాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 17 శాతం దాకా పడిపోయాయి. ఏడాది మొత్తానికి లెక్కేస్తే సుమారు 5 శాతం. 2021 అయ్యేసరికి దాదాపు పాత స్థాయికే వచ్చేశాం.

రోడ్లు, కరెంటు కేంద్రాలు, బండ్లు అన్నీ అవే ఉన్నప్పుడు, డబ్బు ఆడగానే పొగ మళ్ళీ ఆడుతుంది. ఆకాశం ఆ కొన్ని నెలలు నీలంగా కనిపించినందుకు ఎవరెంత చెల్లించారో చూడాలి. సోవియట్ యూనియన్ కూలినప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఫ్యాక్టరీలు మూతపడి పొగ తగ్గింది, వదిలేసిన పొలాల్లో అడవి తిరిగి మొలిచింది. అదే సమయంలో రష్యాలో మగవాళ్ళ సగటు ఆయుష్షు 1990లో దాదాపు 64 ఏళ్ళు ఉన్నది 1994కల్లా 58 కన్నా కిందికి పోయింది. మనుషుల ఆయుష్షు తగ్గించి పెంచిన అడవిని చూసి సంబరపడలేను.

2. మా వైపు మాంద్యం ముందు దిగేది మట్టి మీద. ఇది నేను నా కళ్ళతో చూసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

లీమన్ బ్యాంకు కూలిన ఆ సెప్టెంబరు నెలలో మా నల్లరేగడి చేలల్లో పత్తి కాయ పగిలే వేళ. ఎక్కడో నూలు మిల్లులకు ఆర్డర్లు ఆగితే ఇక్కడ జిన్నింగ్ మిల్లు వాళ్ళు ధర తగ్గిస్తారు. ధర తగ్గితే రైతు ఏం చేస్తాడు? సాగు తగ్గిస్తాడని పట్నంలో అనుకుంటారు. అప్పు అలాగే ఉంటుంది కదా, వడ్డీ తగ్గదు కదా. అందుకని ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టుకుంటాడు. గట్టు పక్కన పశువులు మేసే బీడు కూడా దున్నేస్తాడు. గట్టు మీది వేప, తుమ్మ కొట్టి కట్టెకు అమ్ముతాడు. అదీ చాలకపోతే ఎద్దుల్ని సంతకు తోలుతాడు. ఎద్దులు పోతే దిబ్బ ఎరువు పోతుంది. దిబ్బ ఎరువు పోతే రెండు మూడేళ్ళలో నేల గట్టిపడి వాన నీటిని లోపలికి తీసుకోదు. పై మట్టి వంకలోకి, వంక నుంచి కుంటలోకి చేరుతుంది. మేం పూడిక తీయమని అడిగే కుంట అలా పూడిందే. ఒక ఏడాది ధర పడిపోతే దాని దెబ్బ చేలో పదేళ్ళు కనిపిస్తుంది.

ఇది మా రైతుల తెలివితక్కువ అనుకోకండి. 1930ల మహా మాంద్యంలో అమెరికా మైదానాల్లో అచ్చం ఇదే జరిగింది. 1929లో బుషెల్‌కు (అక్కడి కొలత, సుమారు 27 కిలోలు) డాలరు దాకా పలికిన గోధుమ 1932కల్లా 40 సెంట్ల కిందికి పడిపోయింది. పడిపోయిన ఆదాయాన్ని పూడ్చుకోవాలని రైతులు ఇంకా ఎక్కువ గడ్డి భూమి దున్నారు. తర్వాత వానలు మొహం చాటేశాయి. పట్టుకునే గడ్డి వేళ్ళు లేక మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుపానును అక్కడివాళ్ళు ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు. ఆ దశాబ్దంలో సుమారు 25 లక్షల మంది ఆ ప్రాంతం వదిలి పోయారు. అదీ ఒక సుగ్గే. తిరిగిరాని సుగ్గి.

మనకు అది దూరపు కథ అనిపిస్తే అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలకు వెళ్ళండి. వేదవతి హగరి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి ఎలా జరుగుతున్నాయో చూడండి. మా ఊళ్ళకు అది ఎంతో దూరం లేదు.

3. పొయ్యిలోకీ, చెత్త దిబ్బలోకీ కూడా మాంద్యం వస్తుంది. మా వీధిలో చాలా ఇళ్ళలో గ్యాస్ సిలిండర్ ఉంది. చేతిలో డబ్బు ఆడని నెలల్లో అది మూలన ఉంటుంది, ఆడవాళ్ళు తెల్లారకముందే కంప కోసం పోతారు. ఇల్లంతా పొగ, పిల్లలకు దగ్గు. పేదరికం వల్ల ఇలా అవుతుందని సరిపెట్టుకోవద్దు, ఐరోపాలోనూ అయింది. గ్రీసు దేశం అప్పుల్లో మునిగిన కాలంలో, 2012లో, ఇళ్ళు వెచ్చబెట్టుకునే నూనె మీద పన్ను పెంచారు. ఆ చలికాలం ఏథెన్స్, థెస్సలోనికీ నగరాల్లో జనం కట్టెలు, పాత కుర్చీలు, రంగు పూసిన తలుపు చెక్కలు సైతం పొయ్యిలో పెట్టారు. నగరాల మీద పొగ మబ్బు కమ్మింది. ఖజానాకు నాలుగు రూపాయలు వస్తాయని వేసిన పన్ను జనం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది.

పట్టణంలో పాత సామాను ఏరుకునేవాళ్ళ సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. 2008 చివర్లో ప్రపంచమంతా తుక్కు ధరలు ఒక్కసారిగా కూలాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ధర సున్నా కన్నా కిందికి పోయింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, చమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది. కొత్తది చవకైతే పాత ప్లాస్టిక్ ఎవరూ కొనరు. కొననిది వంకలో పడుతుంది, లేదా రాత్రిపూట కాలుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోనె సంచి మోసిన ఆడమనిషికి ఆ రోజు కూలి గిట్టదు. ఊరిని శుభ్రంగా ఉంచే ఆ చేతులకు ఏ జాబితాలోనూ పేరుండదు. మాంద్యంలో ఆమెకు ఇంత అని ఏ జీవోలోనూ రాయరు.

4. పిల్లలు. ఈ మాట రాయాలంటే నాకు చెయ్యి బరువెక్కుతుంది.

దీపావళి వెళ్ళాక మా బడిలో హాజరు పిలుస్తుంటే పేరుకు, పేరుకు మధ్య నిశ్శబ్దం వచ్చేది. “సుగ్గికి పోయినారు సార్” అని పక్క పిల్లలు చెప్పేవాళ్ళు. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది, లెక్కల్లో చురుకు. పత్తి ధర పడిపోయిన ఏడాది వాళ్ళ నాన్న అడ్వాన్సు తీసుకున్నాడు. చిన్న తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని ఆమెనూ తీసుకుపోయారు. ఫిబ్రవరిలో తిరిగొచ్చింది, చేతులు మిరప ఘాటుకు పొక్కి ఉన్నాయి. మరుసటి ఏడాది పూర్తిగా మానేసింది. పదహారేళ్ళు నిండకముందే పెళ్ళి. ఆ ఏడాది సీజనల్ హాస్టల్ తెరిచారు. కాకపోతే సంక్రాంతి అయ్యాక తెరిచారు. అప్పటికి ఊళ్ళో ఎవరున్నారు, ఎవరిని చేర్చుకుంటారు? హాజరు తక్కువ ఉందని మరుసటి ఏడాది నిధులు తగ్గించారు. ఆ పిల్ల ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. కనిపిస్తే “సార్” అని నిలబడుతుంది. నాకు ఏం మాట్లాడాలో తోచదు.

ఇది ఒక్క ఊరి కథ అయితే నేను ఇంత దూరం రాయను. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి 2021 జూన్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం 2020 మొదట్లోనే ప్రపంచంలో పనిలో ఉన్న బాలలు 16 కోట్ల మంది. రెండు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన ఆ సంఖ్య మొదటిసారి పెరిగింది. కరోనా దెబ్బ పూర్తిగా తగలకముందు తీసిన లెక్క అది. కరోనా వల్ల పదేళ్ళలో అదనంగా కోటి మంది ఆడపిల్లలు బాల్యవివాహాల ప్రమాదంలో పడతారని అదే ఏడాది యునిసెఫ్ హెచ్చరించింది. 2020లో సుమారు 7 కోట్ల మంది కొత్తగా కడు పేదరికంలోకి జారారని ప్రపంచ బ్యాంకు లెక్క. మార్కెట్ రెండేళ్ళలో కోలుకుంటుంది. బడి మానిన పిల్ల రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఏడో తరగతిలో కూర్చోదు.

5. మాంద్యం పేరు చెప్పి నిబంధనలు సడలించడం మరో అలవాటు. 2020లో లాక్‌డౌన్ మొదలవుతున్న రోజుల్లోనే పర్యావరణ ప్రభావ మదింపు, అంటే క్వారీకో ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చేముందు దాని నష్టాన్ని అంచనా వేసే నిబంధనల, కొత్త ముసాయిదా వచ్చింది. ప్రజలు అభిప్రాయం చెప్పడానికి ఉన్న 30 రోజుల గడువును 20కి తగ్గించాలని అందులో ఉంది. గుట్టను తొలిచే క్వారీ పక్కన బతికే మనిషి, ఆ కాగితం తెలుగులో చదివి అర్థం చేసుకుని మాట్లాడాలంటే ముప్ఫై రోజులే చాలవు. దేశానికి డబ్బు అవసరమైన సమయమే అయినా మా నోరు మూసి గుట్ట తవ్వితే వచ్చే డబ్బు ఎవరికి చేరుతుందో మేం చూస్తూనే ఉన్నాం.

6. చివరిగా మన సీమ చరిత్ర ఒకటి. 1873లో ఐరోపా, అమెరికాల్లో పెద్ద మాంద్యం మొదలైంది. 1876లో ఇక్కడ వానలు పోయాయి. అదే మన ముసలివాళ్ళు చెప్పే ధాత కరువు. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ఖర్చు తగ్గించమని చెప్పి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని, మన సీమ కూడా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. టెంపుల్ సహాయ పనుల్లో మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలని నిర్ణయించాడు. ఒక పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. దాంతో రోజంతా మట్టి మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది చాలదని గట్టిగా రాశాడు. రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. 1871, 1881 జనగణనలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు కనబడదు. నేటి అధికారులను టెంపుల్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు, అలా అనుకోవద్దు. కష్టకాలంలో పనిచేసేవాడి కూలి దగ్గర పొదుపు చేస్తే ఏమవుతుందో ఈ జిల్లా ఒకసారి చూసిందని మాత్రమే గుర్తు చేస్తున్నాను.

మరి వేరే దారి ఉందా అంటారు. ఉంది. నడిచినవాళ్ళు ఉన్నారు.

అదే అమెరికా 1933లో పని లేని యువకులతో భూమి, అడవుల పనులకు ఒక దళం పెట్టింది. 1942 దాకా సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు, దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు. మట్టి కొట్టుకుపోకుండా గట్లు వేశారు. దక్షిణ కొరియా 2009లో ఆర్థిక ఉద్దీపనకు తీసిన డబ్బులో ఎక్కువ భాగాన్ని పర్యావరణ పనులకే కేటాయించింది. అందులో నాలుగు నదుల మీద చేసిన పనులను అక్కడి పర్యావరణ కార్యకర్తలే తప్పుపట్టారు. కాబట్టి పచ్చ రంగు పేరు పెడితే చాలు అనుకోకూడదు, ఏ పని ఎక్కడ అన్నది ఊరిని అడగాలి.

మన దేశం కూడా చేసింది. 2008-09లో ప్రపంచ పత్తి మార్కెట్ కుప్పకూలిన ఏడాదే పొడవు పింజ పత్తి మద్దతు ధరను క్వింటాలుకు 2,030 రూపాయల నుంచి 3,000కు పెంచారు. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పెద్ద ఎత్తున కొన్నది. ఆ ఏడాది ఎద్దులు అమ్ముకోకుండా నిలబడిన ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా అనంతపురంలో, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. 2020లో లాక్‌డౌన్ వచ్చాక దానికి అనుకున్న 61,500 కోట్ల మీద ఇంకో 40,000 కోట్లు ప్రకటించారు. ఆ ఏడాది సవరించిన అంచనా 1,11,500 కోట్లకు చేరింది, దేశం మొత్తంలో 389 కోట్ల పనిదినాలు జరిగాయి. బెంగళూరు నుంచి నడిచి వచ్చిన పిల్లలు ఆ ఎండాకాలం మా వంక దగ్గర గడ్డపార పట్టి అన్నం తిన్నారు. మరుసటి ఏడాది కేటాయింపు 73,000 కోట్లకు దిగింది. మా ఊళ్ళలో ఆదాయం ఏమైనా పెరిగిందా? పెరగలేదు. మాంద్యం టీవీలో ముగిసినా పల్లెలో ఇంకా నడుస్తూనే ఉంటుంది.

పథకం పేర్లు మారొచ్చు, కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత అన్న వాటాలు మారొచ్చు. వాటి జోలికి మేం పోవడం లేదు. కూలి మనిషికి కావలసింది అడిగిన పని, అడిగిన నెలలో, చేసిన పక్షానికి డబ్బు.

అందుకే మా డిమాండ్లు ఇవి. అర్జీలో మూడు ఉండేవి, ఇప్పుడు పెరిగాయి.

ఒకటి. సీజనల్ హాస్టళ్ళు దసరా సెలవులు ముగిసిన రోజే తెరవాలి. పిల్లల పేర్లు ఆగస్టులోనే బడుల నుంచి తీసుకోవాలి. ఏ ఇల్లు సుగ్గికి పోతుందో టీచర్లకు, ఆశా కార్యకర్తలకు ముందే తెలుసు. గత ఏడాది హాజరు తక్కువ ఉందని నిధులు కోయడం ఆపాలి. తెరిచిన తేదీని, హాజరును కలిపి చూడండి, కారణం తెలుస్తుంది. ఆడపిల్లలకు వార్డెన్, తలుపులున్న మరుగుదొడ్లు, రాత్రి కాపలా లేకుండా హాస్టల్ అని పేరు పెడితే ఏ తల్లీ పిల్లను వదలదు. నేనైనా వదలను.

రెండు. ధర పడిపోయిన ఏడాదికి ఒక ముందస్తు ఏర్పాటు కావాలి. ఆదోని యార్డులో పత్తి ధర మద్దతు ధర కన్నా కిందికి దిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పైనుంచి ఆదేశం కోసం ఎదురుచూడకుండా, ఆ డివిజన్‌లో మట్టి, నీటి పనులు వాటంతట అవే మొదలవ్వాలి. కుంటల పూడిక, చెక్‌డ్యాంల మరమ్మతు, చేల గట్లు, కందకాలు. కొలతలు, అంచనాలు వేసవిలోనే తీసి ఫైల్లో సిద్ధంగా పెట్టండి. మేస్త్రీ అడ్వాన్సు మా గుమ్మంలోకి రాకముందు మీ పని రావాలి. అది వారం ఆలస్యమైతే బండి వెళ్ళిపోతుంది, మీరు ఖాళీ ఊళ్ళో పని పెట్టినట్టు అవుతుంది.

మూడు. కూలి పదిహేను రోజుల్లో ఖాతాలో పడాలి. ఆలస్యమైతే పరిహారం, అడగకుండానే.

నాలుగు. నాటిన మొక్కకు మూడేళ్ళు నీళ్ళు పోసే కూలిని ఏ పొదుపులోనూ కోయకూడదు. మా రోడ్డు పక్కన నాటే రోజు ఫొటోలు దిగారు. నీళ్ళ ట్యాంకరు డబ్బులు ఆ వేసవిలోనే ఆగిపోయాయి. ఇప్పుడక్కడ కర్రలకు కట్టిన తాళ్ళు మాత్రం ఉన్నాయి. నాటిన ఖర్చంతా వృథా.

ఐదు. పత్తి కొనుగోలు కేంద్రం మొదటి తీత నాటికే తెరవాలి. చిన్న రైతు ఇంట్లో పత్తి నిల్వ పెట్టుకోలేడు. కేంద్రం ఆలస్యమైతే అతని పత్తి దళారికి పోతుంది, ఆ తర్వాత దళారే కేంద్రానికి వస్తాడు. తేమ శాతం పేరుతో తిప్పి పంపేముందు అక్కడే ఆరబెట్టుకునే కళ్ళం, పట్టలు ఇవ్వండి. కౌలు రైతు పేరు మీద కొనాలి.

ఆరు. తుక్కు ధరలు కూలిన నెలల్లో మున్సిపాలిటీ ఒక కనీస ధర పెట్టి ప్లాస్టిక్ కొనాలి. ఏరేవాళ్ళకు గుర్తింపు కార్డు, చేతి తొడుగులు. దీనికయ్యే ఖర్చు మురుగు కాలువలు తీయించే ఖర్చులో మిగులుతుందని నా నమ్మకం.

ఏడు. క్వారీలు, ఫ్యాక్టరీల మీద ప్రజాభిప్రాయ సేకరణకు రోజులు తగ్గించొద్దు. నివేదిక తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద.

ఎనిమిది. ఏ ఏడాదైనా నిధులు కోయక తప్పదంటే, ఏది కోశారో, ఎవరు సంతకం పెట్టారో, దాని వల్ల ఏ ఊళ్ళో ఏ పని ఆగిందో ఒక పేజీ కాగితం ప్రతి పంచాయతీలో అతికించండి. మాంద్యం అనేది గాలి వాన కాదు, అందరి మీదా ఒకేలా కురవదు. ఎవరి మీద కురవాలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చుని నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయం చదువుకునే హక్కు మాకుంది.

చాలా మంది అధికారులు మనసున్నవాళ్ళే, నాకు తెలుసు. నా శిష్యులు కొందరు మీ కార్యాలయాల్లోనే పనిచేస్తున్నారు. వాళ్ళూ సుగ్గికి పోయిన ఇళ్ళ పిల్లలే. ఒక ఏడాది హాస్టల్ సమయానికి తెరిచినందుకు ఇవాళ ఆ కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళను అడిగి చూడండి.

దసరాకు ముందు వచ్చే సోమవారం మా ఊరి నుంచి తల్లులు, నేను, ఇద్దరు రైతులు మళ్ళీ వస్తాం. నాలుగు రసీదులు, ఈ ఏడాది సుగ్గికి పోబోతున్న పిల్లల పేర్ల జాబితా తెస్తాం. జాబితాలో ప్రతి పేరు ఎదురుగా ఒక ఖాళీ గడి వదిలాం. ఆ గడిలో హాస్టల్ పేరు, చేరే తేదీ మీరు రాసి ఇవ్వాలి. ఈసారి నోటి మాట తీసుకుని వెనక్కి రాము.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఊరి తల్లిదండ్రులు, రైతులు, కూలీల తరఫున
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా